ఫిలిప్పీన్స్ ప్రజల పాత బొమ్మలను ఎంతవరకు నమ్మొచ్చు?

స్పానిష్ పాలనలో ఫిలిప్పీన్స్ దీవుల రకరకాల జనాన్ని గీసిన బొమ్మలు నిజమేనా అని అడిగారు. చాలావరకు నిజమే. కానీ అవి ఎవరి కోసం గీసినవో ముందు చూడాలి.

బాగా పాతవి 1590 ప్రాంతపు 'బాక్సర్ కోడెక్స్' అనే బొమ్మల చేతిరాత పుస్తకంలో ఉన్నాయి. గీసింది మనీలాలోని చైనా చిత్రకారుడై ఉంటాడని పరిశోధకులు భావిస్తారు. అందులో ఆ దీవుల్లోని తగలాగ్ జాతి దొరలు, దొరసానులు ఎర్రటి, నీలి బట్టల్లో, మెడలో బంగారు గొలుసులతో నిలబడి ఉంటారు. విసాయా అనే మరో జాతి మగవాళ్లకైతే ఛాతీ నుంచి కాళ్ల దాకా పచ్చబొట్లే. స్పానిష్‌వాళ్లు వాళ్లను 'పింతాదోస్', అంటే రంగులు పూసుకున్నవాళ్లు, అన్నది అందుకే. అంత బంగారం ఎక్కడిది, చిత్రకారుడి ఊహేమో అనిపిస్తుంది. కానీ 1981లో ఫిలిప్పీన్స్‌లోని సురిగావోలో నేలలోంచి బయటపడిన పాత బంగారు నగలు చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది. నాకు ఈ బొమ్మల్లో అన్నిటికంటే విలువైన సంగతి ఇదే.

19వ శతాబ్దం ఆల్బమ్‌ల దారి వేరు. దామియన్ దొమింగో లాంటి స్థానిక చిత్రకారులు విదేశీ కొనుగోలుదారుల కోసమూ గీశారు. అనాస నార బట్ట పల్చదనం, దానిపై కుట్టుపని పోగు పోగునా కనిపిస్తాయి. మనిషి మాత్రం పేరు లేని ఒక 'రకం'గా, తెల్ల కాగితం మీద ఒంటరిగా మిగిలిపోయాడు.