సర్వే కంపెనీ చేస్తే జాబితాకు పూచీ ఎవరిది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సంక్షేమ పథకాలకు అర్హులను గుర్తించే ఇంటింటి సర్వేల గురించి ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే ప్రశ్నను వేర్వేరు మాటల్లో అడిగినవాటిని కలిపి, ఐదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాము.

ప్రశ్న: ఇన్ని లక్షల మంది ప్రభుత్వోద్యోగులు ఉండగా, పేదల జాబితా తయారుచేసే సర్వేను బయటి సంస్థకు అప్పగించడం సబబేనా? గతంలో ఎప్పుడైనా అలా జరిగిందా? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్ జిల్లా)

జరిగింది. మన దేశంలో ఆ తరహా సర్వేల్లో అతి పెద్దది 2011లో మొదలైన సామాజిక, ఆర్థిక, కుల గణన. ఆ ఏడాది జూన్ 29న పశ్చిమ త్రిపుర జిల్లాలోని ఒక గ్రామంలో దానికి శ్రీకారం చుట్టారు. కాగితం ఫారాలకు బదులు చేతిలో ఇమిడే ట్యాబులు వాడారు, దాదాపు 6.4 లక్షల ట్యాబులు అవసరమయ్యాయి. వాటి తయారీతో పాటు డేటా ఎంట్రీ ఆపరేటర్లను సమకూర్చే పని కూడా భారత్ ఎలక్ట్రానిక్స్, మన హైదరాబాదు ఈసీఐఎల్, ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) కలిసిన కూటమికి అప్పగించారు. ఆ మూడూ ప్రభుత్వరంగ సంస్థలే కాబట్టి అది పూర్తిగా బయటివారికి ఇవ్వడం కాదని మీరు అనవచ్చు, ఆ మాటలో కొంత న్యాయం ఉంది.

అయితే ఆ ఏర్పాటులో గమనించవలసిన విషయం వేరే ఉంది. గుమ్మం ముందు నిలబడి ప్రశ్నలు అడిగే గణకుణ్ణి రాష్ట్ర ప్రభుత్వం నియమించింది. పక్కన నిలబడి జవాబులను ట్యాబులో నొక్కే ఆపరేటరు సంస్థ మనిషి. అడిగేవారు ఒకరు, ఎక్కించేవారు మరొకరు కావడం వల్ల ఒకరి కళ్లెదుట మరొకరు పనిచేయవలసి వచ్చింది. ఖర్చు పెరిగినా అది మంచి పద్ధతేనని నా అభిప్రాయం.

తెలంగాణ రెండుసార్లు సొంత సిబ్బందినే నమ్ముకుంది. 2014 ఆగస్టు 19న రాష్ట్రమంతటా ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిపింది, 2024 నవంబరు 6న మొదలైన ఇంటింటి సర్వేకు ఎక్కువగా ఉపాధ్యాయులను పంపింది. మీరు బడిలో పనిచేసినవారు కాబట్టి, అలా పంపినప్పుడు తరగతి గదుల్లో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. పాకిస్తాన్‌లో బేనజీర్ ఆదాయ సహాయ కార్యక్రమం కోసం 2010–11లో సుమారు 2.7 కోట్ల కుటుంబాలను సర్వే చేసినప్పుడు ప్రాంతాలవారీగా భాగస్వామ్య సంస్థలకు కాంట్రాక్టు ఇచ్చారు. ఫిలిప్పీన్స్‌లో సంక్షేమ శాఖే తాత్కాలికంగా మనుషులను తీసుకుని 2015లో సుమారు 1.5 కోట్ల కుటుంబాలను లెక్కించింది. అంటే అడగడం, రాయడం, ఎక్కించడం బయటివారికి ఇవ్వవచ్చు. ఎవరు అర్హులో తేల్చే పనిని మాత్రం ఇవ్వకూడదు. ఆ గీత కాంట్రాక్టులో తేటగా ఉండాలి.

ప్రశ్న: మాది చిన్న సర్వే ఏజెన్సీ. టెండర్లలో చివరికి తక్కువ కోట్ చేసినవారికే పని దక్కుతోంది. నాణ్యతకు మార్కులు ఉంటాయంటారు గాని, అవి నిజంగా ఫలితాన్ని మారుస్తాయా? (ఒక యువ నిర్వాహకుడు, విజయవాడ)

మారుస్తాయి. ఎంతగా మారుస్తాయన్నది ఆ మార్కులకు ఇచ్చే వాటాను బట్టి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు (2017) కన్సల్టెన్సీ తరహా పనులకు నాణ్యత, ధర రెండింటినీ కలిపి తూచే పద్ధతిని అనుమతిస్తున్నాయి. ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. మొదటి సంస్థకు టెక్నికల్ బిడ్‌లో, అంటే నాణ్యతను తూచే భాగంలో, 85 మార్కులు వచ్చాయి, ధర 10 కోట్లు. రెండోదానికి 70 మార్కులు, ధర 8 కోట్లు. అతి తక్కువ ధరకు నూరు మార్కులు ఇస్తారు కాబట్టి, ఆ లెక్కన మొదటి సంస్థకు ధరలో వచ్చేవి 80. నాణ్యతకు 70, ధరకు 30 వాటా పెడితే మొదటి సంస్థకు 83.5, రెండోదానికి 79 వస్తాయి. పని మొదటిదానికి పోతుంది. అవే బిడ్లకు వాటాలను తిరగేసి నాణ్యతకు 30, ధరకు 70 పెడితే మొదటిదానికి 81.5, రెండోదానికి 91. సంస్థలూ అవే, ధరలూ అవే, గెలిచేవారు మాత్రం మారిపోయారు. అందువల్ల టెండరు పత్రం చేతికి రాగానే మీరు మొదట చూడవలసింది ఆ వాటాల పేజీ.

టెక్నికల్ మార్కులు దేనికి ఇస్తున్నారన్నది రెండో మెలిక. వార్షిక టర్నోవరుకు, పాత వర్క్ ఆర్డర్లకు మార్కులన్నీ పోసేస్తే పెద్ద సంస్థ పేరు గెలుస్తుంది, క్షేత్రంలో తిరిగేది మాత్రం దాని కింద సబ్ కాంట్రాక్టు తీసుకున్నవారు. ఒక్కొక్క చేయి మారేకొద్దీ గణకుడికి దక్కే కూలి కరుగుతుంది. సూపర్వైజర్లుగా ఎవరు పనిచేస్తారు, వారికి ఆ ప్రాంతపు భాష వచ్చా, ఒక్కొక్కరి కింద ఎందరు గణకులు ఉంటారు, శిక్షణ ఎన్ని రోజులు, అందులో ఊళ్లోకి వెళ్లి చేసే సాధన ఎంత అనే అంశాలకు మార్కులు పెట్టిన టెండరులో మీవంటి చిన్న సంస్థలకు కూడా చోటు ఉంటుంది. ఏజెన్సీ ప్రాంతంలో కోయ, కువి మాట్లాడే ఇళ్లకు ఆ భాష రానివారిని పంపితే, పక్కింటి కుర్రవాడు చెప్పిన తర్జుమాయే ఆ కుటుంబం జవాబుగా నమోదవుతుంది.

ప్రశ్న: డిగ్రీ చదువుతూ నెల రోజులు ఒక సర్వేలో పనిచేశాను. ఫారానికి ఇంత అని డబ్బు ఇచ్చారు. మాలో కొందరు రోజుకు ముప్ఫై నలభై ఇళ్లు 'పూర్తి' చేశారు, నాకు పన్నెండు దాటడమే గగనమైంది. తప్పు నాదా? అలాంటివి పైవాళ్లకు తెలియవా? (ఒక విద్యార్థిని, అనంతపురం)

తప్పు మీది కాదు. పన్నెండు ఇళ్లు నిజాయతీగా తిరిగారంటే మీరు బాగా తిరిగినట్టే లెక్క.

చాలా ఏళ్ల కిందట ఒక సర్వేను తనిఖీ చేసే బాధ్యత నా మీద పడింది. ఒక వీధికి సంబంధించిన ఫారాలు తిరగేస్తుంటే వరుసగా ముప్ఫై ఒక్క ఇళ్లలో నలుగురేసి మనుషులు, రెండేసి గదులు కనిపించాయి. అన్ని ఇళ్లలోనూ వంట గ్యాసు మీదే. మర్నాడు పొద్దున్నే ఆ వీధికి వెళ్తే రెండో ఇంట్లోనే ముసలమ్మ మూడు రాళ్ల పొయ్యి దగ్గర కూర్చుని పిడకలు ఎగదోస్తోంది. మీ ఇంటికి ఎవరైనా వచ్చి రాసుకున్నారా అని అడిగితే, "ఎవరూ రాలేదు నాయనా, ఆ టీకొట్టు కాడ కూసోని ఏదో రాసుకున్నాడంట" అంది. ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని రాసేశాడన్నమాట. ఆ కుర్రవాడి మీద నాకు కోపం కంటే జాలే ఎక్కువ కలిగింది. అతనికి ముట్టేది ఫారానికి ఏడు రూపాయలు.

ఫారం లెక్కన కూలి కడితే వచ్చేవి ఫారాలు. సంస్థకు ప్రభుత్వం చెల్లించేది కూడా అదే లెక్కన అయితే, పైనుంచి కింది దాకా ఎవరికీ ఆగి చూసే అవసరం ఉండదు. ఒక మండలంలో ఇళ్లన్నీ తిరిగి, పునఃపరిశీలన కూడా అయిన తరువాతే ఆ మండలం బిల్లు పాస్ చేయడం, చివరి వాయిదాను అభ్యంతరాల గడువు ముగిసే దాకా నిలిపి ఉంచడం మేలు. గణకుడికి మాత్రం రోజుకూలి ఇవ్వాలి, వారానికి ఒకసారి ఇవ్వాలి. సంస్థ బిల్లు ఆగిందని కుర్రాళ్ల కూలి ఆపితే, వాళ్లు రెండో వారానికే మానేస్తారు.

ఇక పైవాళ్లకు తెలియదా అంటే, తెలుసుకోదలచుకుంటే తెలుస్తుంది. ఫారం తెరిచిన సమయాన్ని, మూసిన సమయాన్ని, ఆ క్షణంలో ఉన్న చోటును ట్యాబు తనంతట తానే నమోదు చేస్తుంది. నలభై ప్రశ్నలకు ఆరు నిమిషాలు పట్టిందన్నా, ఇరవై ఇళ్లు ఒకే చెట్టు కింద ఉన్నట్టు చూపినా అనుమానించవలసిందే. నూటికి ఐదు నుంచి పది ఇళ్లకు వేరే మనిషి మళ్లీ వెళ్లి, గదులెన్ని, మనుషులెందరు వంటి మారని సంగతులు నాలుగు అడిగి పోల్చి చూడడం మామూలుగా ఉండే పద్ధతి. ఆ వెళ్లే మనిషి అదే సంస్థ జీతగాడైతే దానివల్ల ప్రయోజనం లేదు, కాబట్టి పరిశీలనకు వేరొక సంస్థనో ప్రభుత్వ గణాంక సిబ్బందినో పెట్టాలి.

సర్వే సంస్థలతో వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వాటిలో చాలా వాటికి అలవాటైనది నమూనా సర్వే, అంటే అన్ని ఇళ్లూ కాకుండా ఎంచుకున్న కొన్ని ఇళ్లే తిరగడం. నమూనా సర్వేలో ఒక ఇంటికి తాళం ఉంటే నియమం ప్రకారం దానికి బదులు ఇంకొక ఇల్లు తీసుకోవచ్చు, అటూ ఇటూ జరిగిన పొరపాట్లు సగటులో సర్దుకుపోవచ్చు. జాబితా కోసం చేసే సర్వేలో ఆ వెసులుబాటు లేదు. ఎందుకంటే తాళం వేసిన ఆ ఇల్లు కూలికి వలస పోయినవారిది కావచ్చు. మిర్చి కోతలకు వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవారిది కావచ్చు. పగలు పదకొండు గంటలకు తలుపు తీసి జవాబు చెప్పగలిగేవారు తరచుగా ఆ ఊళ్లో కాస్త నిలదొక్కుకున్నవారే. తాళం ఉన్న ఇంటికి కనీసం మూడుసార్లు, అందులో ఒకసారి రాత్రిపూట వెళ్లాలని కాంట్రాక్టులో రాసి, ఆ తిరుగుడుకు విడిగా డబ్బు కట్టాలి. మీ పన్నెండు ఇళ్లలో అలా రెండోసారి వెళ్లినవి ఎన్నో మీరు రాయలేదు గాని, కొన్ని ఉండే ఉంటాయి.

ప్రశ్న: ఆధార్, ఫోను నంబరు, బ్యాంకు వివరాలు కంపెనీ మనిషికి చెప్పాలా? అవి బయటికి పొక్కితే ఎవరిని అడగాలి? (ఒక గృహిణి, వరంగల్)

వచ్చినవారి గుర్తింపు కార్డు చూసి, పంచాయతీలోనో వార్డు కార్యాలయంలోనో వారి పేర్లు ఉన్నాయో లేదో కనుక్కుని ఆ తరువాతే చెప్పండి. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పవద్దు.

చట్టం సంగతికి వస్తే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, వివరాలు సేకరింపజేసిన యంత్రాంగం ఆ పనిని వేరొకరితో చేయించినా బాధ్యత దాని మీదే ఉంటుంది, అలా చేయించడానికి చెల్లుబాటయ్యే కాంట్రాక్టు కూడా ఉండాలి. తగిన భద్రత కల్పించకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలు అందులో ఉంది. 1948 నాటి జనగణన చట్టం కింద ఇచ్చిన వివరాలకు గోప్యత కట్టుదిట్టంగా ఉంటుంది. 2011 సామాజిక, ఆర్థిక గణనను ఆ చట్టం కింద జరపలేదు. పథకాలకు పేర్లు కావాలంటే గోప్యతతో కుదరదు మరి. అందువల్ల సంక్షేమ సర్వే అనగానే జనాభా లెక్కలంత రహస్యమని అనుకోకండి.

ప్రశ్న: మా అమ్మకు అరవై మూడేళ్లు, నాన్న పోయారు. ఒంటరిగా ఊళ్లో ఉంటుంది. సర్వేలో నా తమ్ముడి మోటారు సైకిల్ ఆమె ఇంట్లో రాశారట, జాబితాలో పేరు రాలేదు. తమ్ముడు హైదరాబాదులో వేరు కాపురం. ఇప్పుడేం చేయాలి? (ఒక పాఠకురాలు, కర్నూలు జిల్లా)

ఆ సర్వే ఏ పథకానికి జరిగిందో మీ ఉత్తరంలో లేదు. దాని నిబంధనలు ఏవైనా, 2011 గణన సూత్రాలను చూస్తే ఒక్క తప్పు గీత ఎంత పని చేస్తుందో అర్థమవుతుంది. అందులో గ్రామీణ కుటుంబాలను మొదట 14 మినహాయింపు ప్రమాణాలతో వడపోశారు. మోటారు సైకిల్, ఫ్రిజ్, యాభై వేల పరిమితికి తగ్గని కిసాన్ క్రెడిట్ కార్డు, నెలకు పది వేలకు మించి సంపాదించే మనిషి, ఇలాంటివాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ ఇల్లు పక్కకు పోతుంది. ఆ తరువాత చూడవలసిన ఏడు లేమి ప్రమాణాల దాకా అది రానే రాదు. 2015 జూలై 3న విడుదలైన వివరాల ప్రకారం 17.91 కోట్ల గ్రామీణ కుటుంబాల్లో 7.05 కోట్లు ఆ మొదటి జల్లెడలోనే ఆగిపోయాయి. మీ అమ్మగారి ఇంట్లో పదహారు, యాభై తొమ్మిదేళ్ల మధ్య వయసు గలవారు లేరు. కుటుంబ పెద్ద స్త్రీ, పనిచేసే వయసు మగవాళ్లూ లేరు. ఆ ఏడింటిలో ఈ రెండూ ఉన్నాయి. లేని బండి ఒకటి వాటిని చూడనివ్వకుండా చేసింది.

ఒకే వంటింట్లో వండుకుని తినేవారే ఒక కుటుంబం. మీ తమ్ముడు వేరు వండుకుంటున్నాడు కాబట్టి అతని బండి అతని కుటుంబానిదే. అభ్యంతరంలో మొదట ఈ వాక్యమే రాయండి. హైదరాబాదులోని అతని అద్దె ఇంటి చిరునామా, బండి రిజిస్ట్రేషను కాగితం నకలు జతచేయండి. ముసాయిదా జాబితా పంచాయతీ కార్యాలయంలో అంటించి గ్రామసభ పెట్టేది ఇలాంటివాటి కోసమే. గడువు దాటిపోతే సమాచార హక్కు చట్టం కింద మీ అమ్మగారి సర్వే ఫారం ప్రతిని ఆమె సంతకంతో అడగండి. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. తెలంగాణలో 2024 సర్వేలో తప్పిపోయిన కుటుంబాలకు 2025 ఫిబ్రవరి 16 నుంచి 28 వరకు మళ్లీ అవకాశం ఇచ్చారు, కాబట్టి గడువు అయిపోయిందన్న మాట విని వెనుదిరగవద్దు.

బ్రెజిల్‌లో కుటుంబాలే స్థానిక కార్యాలయానికి వెళ్లి కనీసం రెండేళ్లకు ఒకసారి తమ వివరాలు సరిచేయించుకుంటాయి. మన దగ్గర 2018లో ఆయుష్మాన్ భారత్ మొదలైనప్పుడు 10.74 కోట్ల కుటుంబాలను ఎంచడానికి ఆధారం 2011 నాటి గణనే. అంటే జాబితాలో ఒకసారి దొర్లిన తప్పు ఏళ్ల తరబడి నిలిచిపోవచ్చు. అందుకే ఈసారి సరిచేయించేటప్పుడు, దరఖాస్తు అందినట్టు తేదీ వేసిన రసీదు తీసుకుని అమ్మగారి రేషన్ కార్డుతో పాటు భద్రపరచండి.