నాలుగు ట్రాకుల్లో ఒదిగిన ఆల్బమ్

ప్రశ్న: మా అబ్బాయి ముగ్గురు మిత్రులతో కలిసి రాక్ బ్యాండ్ పెట్టుకున్నాడు. ఇంట్లోనే కంప్యూటరు మీద ఆల్బమ్ తయారుచేస్తున్నారు. ఒక్కొక్క పాటకు అరవై, డెబ్భై ట్రాకులు వాడుతున్నా, రెండేళ్లుగా ఒక్క పాట కూడా పూర్తయిందని అనుకోలేకపోతున్నారు. బీటిల్స్ బృందం 1967లో విడుదల చేసిన ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ ఆల్బమ్‌ను నాలుగు ట్రాకుల యంత్రం మీద చేశారని విన్నాను. అన్ని వాద్యాలు నాలుగు ట్రాకుల్లో ఎలా పట్టాయి? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: మీరు విన్నది నిజమే. ట్రాక్ అంటే ఏమిటో ముందు చెప్పుకుంటే మిగిలినది సులువుగా అర్థమవుతుంది. అంగుళం వెడల్పు టేపును పొడవునా నాలుగు దారులుగా పంచుకుని, ఏ దారికి ఆ దారి విడిగా ధ్వనిని ముద్రించే స్టూడర్ జె37 యంత్రాలు అప్పట్లో లండన్ అబ్బే రోడ్డులోని ఇ.ఎం.ఐ. అనే రికార్డు కంపెనీ స్టూడియోలో ఉండేవి. ఒక దారిలో డ్రమ్ములు, ఒక దారిలో గిటారు, ఒక దారిలో పియానో, ఒక దారిలో గొంతు పట్టేసరికి టేపు నిండిపోయేది. అప్పుడు ఆ నాలుగింటినీ కలిపి రెండో యంత్రంలోని ఒకటి రెండు దారుల్లోకి ఎక్కించి, మిగిలిన ఖాళీ దారుల్లో కొత్త వాద్యాలు పట్టేవారు. అవీ నిండితే మళ్లీ అదే పని. ఇలా ఎక్కించిన ప్రతిసారీ టేపులోని సన్నని రొద కొంత పెరిగేది కాబట్టి, ఎన్నిసార్లు ఎక్కించవచ్చన్నదానికీ హద్దు ఉండేది.

ఇక్కడ అసలు కష్టం వేరే ఉంది. ఒకసారి కలిపేసిన తరువాత డ్రమ్ముల హోరు కొంచెం తగ్గిద్దామన్నా, పియానోను కొంచెం ముందుకు తెద్దామన్నా కుదరదు. మరిగిన పులుసులోంచి చింతపండును వెనక్కి తీయలేము కదా. అందుచేత ఇంకా పట్టని గొంతు, ఇంకా రాని తీగవాద్యాలు చేరినప్పుడు పాట ఎలా వినిపిస్తుందో నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ ముందుగానే మనసులో వినగలగాలి. ఎమెరిక్‌కు అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. ఆ వయసులో అంత బాధ్యత మోసిన వ్యక్తిని గురించి చదివిన ప్రతిసారీ నాకు గౌరవం కలుగుతుంది. మంద్రస్వరాలు పలికే బేస్ గిటారు స్పష్టంగా వినిపించాలన్న పట్టుదలతో, బృందంలో దానిని వాయించే పాల్ మెకార్ట్నీ చాలా పాటల్లో దానిని అందరూ వెళ్లిపోయాక, చివరగా, విడి ట్రాకులో వాయించేవాడు. ఈ ఆల్బమ్‌లో బేస్ ఒక పాటలా నడవడానికి అదొక కారణం.

కాలం మాటకు వస్తే, ఇదే బృందం తన తొలి ఆల్బమ్ కోసం 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో పది పాటలు రికార్డు చేసింది. మద్రాసు స్టూడియోల్లో గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి కూర్చుని, ఎవరు తప్పినా మొదటికి వచ్చి, పాటను పూర్తిచేసిన రోజులు తెలిసినవారికి ఆ పద్ధతి కొత్త కాదు. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇచ్చిన కచేరీతో బీటిల్స్ కచేరీ యాత్రలు మానేశారు. వేదిక మీద మళ్లీ వాయించి చూపవలసిన అవసరం పోవడంతో స్టూడియోయే వారికి వాద్యంగా మారింది. ఆ ఏడాది నవంబరు 24న మొదలైన పని 1967 ఏప్రిల్ 21 వరకు, అంటే దాదాపు అయిదు నెలలు సాగింది.

నాలుగు ట్రాకులు బొత్తిగా చాలని చోట ఏమి చేశారో ఆల్బమ్‌లోని చివరి పాట ‘ఎ డే ఇన్ ది లైఫ్’ చెబుతుంది. జనవరిలో పాట మొదలుపెట్టినప్పుడు నడుమ ఏదో ఒకటి రావాలని తెలుసు గాని, అది ఏమిటో తెలియదు. కాబట్టి 24 ఆవర్తాల జాగా ఖాళీగా వదిలి, వారి సహాయకుడు మాల్ ఎవాన్స్ చేత ఒకటి నుంచి ఇరవై నాలుగు వరకు గట్టిగా లెక్కపెట్టించి, చివర ఒక అలారం గడియారం మోగించారు. తరువాత వచ్చే చరణం నిద్ర లేవడంతోనే మొదలవుతుంది కనుక ఆ గడియారం మోత అందులో ఇమిడిపోయింది. దానిని అలాగే ఉంచేశారు. ఫిబ్రవరి 10న నలభై మంది వాద్యకారులను పిలిచారు. ప్రతి ఒక్కరూ తమ వాద్యంలోని అతి మంద్రస్వరం వద్ద మొదలై 24 ఆవర్తాలలో తారస్థాయికి చేరుకోవాలనీ, పక్కవారు ఎంతవరకు వచ్చారో వినకుండా ఎవరి దారిన వారు ఎక్కాలనీ మార్టిన్ చెప్పారు. కలిసి వాయించడమే వృత్తిగా బతికిన వారికి అది ఎంత ఇబ్బందో ఊహించండి. కెన్ టౌన్‌సెండ్ అనే సాంకేతిక నిపుణుడు రెండు యంత్రాలు ఒకే వేగంతో కలిసి నడిచే ఏర్పాటు చేయడం వల్ల, ఆ నలభై మందినే రెండో యంత్రంలోని నాలుగు ట్రాకుల్లో విడివిడిగా నాలుగుసార్లు పట్టగలిగారు. మనకు వినిపించేది నూట అరవై మంది హోరు.

మీ అబ్బాయికి నా సూచన ఒక్కటే. ఒక పాటను తీసుకుని, నాలుగు ట్రాకులు నిండగానే వాటిని కలిపి ఒక్కటిగా చేసి, విడి ట్రాకులను నిజంగానే చెరిపివేయమనండి. మొదటి పాటకు బాధ కలుగుతుంది. రెండో పాటకు చెవి ముందుచూపుతో వినడం మొదలుపెడుతుంది. రెండేళ్లుగా పూర్తికానిది నైపుణ్యం లేక కాదనీ, ఏ నిర్ణయాన్నైనా రేపటికి వాయిదా వేసే వీలు ఉండడం వల్లేననీ నా నమ్మకం.

ప్రశ్న: ఈ ఆల్బమ్‌లో మన దేశపు వాద్యాలున్న పాట ఏది? వాయించినవారు ఎవరు? కవరు మీద గాంధీజీ బొమ్మ ఉండేదని, తీసేశారని అంటారు, నిజమా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: రెండో వైపు మొదటి పాట ‘విదిన్ యు వితౌట్ యు’. బృందంలో జార్జ్ హారిసన్ తప్ప తక్కిన ముగ్గురిలో ఎవరూ ఇందులో వాయించలేదు. 1966లో మన దేశానికి వచ్చి పండిట్ రవిశంకర్ వద్ద సితార్ నేర్చుకుని వెళ్లిన తరువాత హారిసన్ కట్టిన పాట ఇది. హిందుస్తానీ పద్ధతిలో ఖమాజ్ థాట్ స్వరాలు కాబట్టి, కర్ణాటక సంగీతం తెలిసినవారి చెవికి హరికాంభోజి స్వరాలుగా తోస్తాయి. లండన్‌లోని ఏషియన్ మ్యూజిక్ సర్కిల్‌కు చెందిన కళాకారులు దిల్‌రుబా, తంబూరా, తబలా వాయించగా 1967 మార్చి 15న మొదటి రికార్డింగు జరిగింది. తరువాత ఎనిమిది వయొలిన్లు, మూడు చెల్లోలు చేర్చారు. దిల్‌రుబా ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే తీరును పాశ్చాత్య వాద్యకారులు అందుకోవాలి. వారికి అలవాటైన కాగితపు స్వరలిపిలో ఆ జారు పూర్తిగా పట్టదు. మార్టిన్, హారిసన్ ఇద్దరూ ఆ గమకాల కోసం చాలా శ్రమపడ్డారు. నడిమి భాగంలో దిల్‌రుబా పలికిన మాటకు వయొలిన్లు బదులు చెప్పే చోట ఆ శ్రమ అంతా వినిపిస్తుంది.

మీ రెండో ప్రశ్న నాకూ ఎంతో ముఖ్యమైనది. కవరు మీద ఆ కళాకారుల పేర్లు లేవు. దశాబ్దాలు గడిచాక గాని వారెవరో లోకానికి తెలియలేదు: అన్నా జోషి, అమృత్ గజ్జర్ దిల్‌రుబా వాయించారు, బుద్ధదేవ్ కంసారా తంబూరా, నట్వర్ సోనీ తబలా. ఆ పాట వినే ప్రతి తెలుగు శ్రోతా ఈ నాలుగు పేర్లు గుర్తుపెట్టుకోవాలని కోరుకుంటున్నాను.

గాంధీజీ సంగతి నిజమే. పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ దంపతులు రూపొందించిన ఆ కవరు మీద ఎందరో ప్రముఖుల బొమ్మలు గుంపుగా నిలబడి ఉంటాయి; ఆ గుంపులో గాంధీజీ బొమ్మ కూడా ఉండవలసింది. భారతదేశంలో నొచ్చుకుంటారన్న భయంతో ఇ.ఎం.ఐ. అధిపతి సర్ జోసెఫ్ లాక్‌వుడ్ వద్దన్నారు. అయితే హారిసన్ ఎంచుకున్న పరమహంస యోగానంద, శ్రీయుక్తేశ్వర్, లాహిరీ మహాశయ, మహావతార్ బాబాజీ చిత్రాలు ఇప్పటికీ ఆ గుంపులో ఉన్నాయి.

ప్రశ్న: ఆల్బమ్ చివర పియానో మోత అంతసేపు ఎలా నిలిచింది? మోనో, స్టీరియో రెండింటిలో ఏది వినమంటారు? (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: దొరికితే మోనో, అంటే ధ్వనులన్నీ కలిసి ఒకే దారిలో వచ్చే రూపం, వినండి. బీటిల్స్ నలుగురూ శ్రద్ధగా దగ్గరుండి చేయించినది అదే. ఎడమ, కుడి రెండు దారుల్లో వినిపించే స్టీరియో పని చాలా తక్కువ సమయంలో ముగిసింది.

పియానో విషయానికి వస్తే, దానిని ఫిబ్రవరి 22న పట్టారు. మొదట నోరు మూసుకుని ‘మ్‌మ్’ అని అందరూ కలిసి ఆలపిస్తే చాలుననుకున్నారు గాని, అంతటి హోరు తరువాత అది పేలవంగా తోచింది. అప్పుడు స్టూడియోలోని పలు పియానోల ముందు మనుషులు నిలబడి, ఒక్క క్షణంలో అందరూ కలిసి ఇ మేజర్ అనే పాశ్చాత్య స్వరాల కలయికను గట్టిగా నొక్కి, పెడలు వదలకుండా కదలక మెదలక ఉండిపోయారు. తీగల మోత తగ్గుతున్న కొద్దీ ఎమెరిక్ మైకుల బలాన్ని మెల్లగా పెంచుతూ పోయారు. అందువల్లే మోత నలభై సెకన్లకు పైగా నిలిచింది. చివరికి మైకుల బలం ఎంత పెరిగిందంటే, ఆ గదిలోని చిన్న అలికిడి కూడా టేపు మీదికి ఎక్కింది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆఖరి పది సెకన్లు వినండి. ఎవరో కొంచెం కదిలినప్పుడు కుర్చీ కిర్రుమన్న చప్పుడు మీకూ వినిపిస్తుంది.