తేదీ రూపం మార్చాలా, తేదీనే మార్చేయాలా?

ప్రశ్న: మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించిన తేదీ ఎక్సెల్‌లో 4/5/2025 అని నెల ముందు చూపిస్తోంది. టెక్స్ట్ ఫంక్షన్‌తో 05-04-2025గా మార్చి, అదే కాలమ్‌లో వాల్యూస్‌గా పేస్ట్ చేశాను. అప్పటినుంచి వరస కుదరడం లేదు. నిల్వ రోజులు కొన్ని లాట్లకు తప్పుగా, కొన్నింటికి వాల్యూ ఎర్రర్‌గా వస్తున్నాయి.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎక్సెల్ తేదీని అంకెగా దాచుకుంటుంది. 1900 జనవరి 1కి 1 అనుకుంటే, 2025 ఏప్రిల్ 5కి 45752. ఫార్మాట్ మారిస్తే పైకి కనిపించే రూపమే మారుతుంది. టెక్స్ట్ ఫంక్షన్ ఇచ్చేది మాత్రం ఉత్త అక్షరాలు. వాటిని వరసలో పెడితే 01-12-2025 వచ్చి 02-03-2025 కంటే ముందు కూర్చుంటుంది.

మీ కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంది. అందుకే తీసివేత చేసేటప్పుడు 05-04-2025ను మే 4గా చదువుతోంది. సరుకు జూన్ 30న తీస్తే 86 రోజులకు బదులు 57 చూపిస్తుంది. 25-03-2025 దగ్గర 25వ నెల లేదు కనుక ఎర్రర్. ఎర్రర్ వచ్చినవే నయం, కంట పడతాయి. ఏ నెలలోనైనా 1 నుంచి 12వ తేదీ వరకు దించిన లాట్లను రసీదులతో ఒక్కొక్కటీ సరిచూడండి. రైతు అద్దె లెక్క వాటిమీదే ఉంది.

ఫైల్‌కు కాపీ తీసుకుని, ఆ కాలమ్ సెలెక్ట్ చేయండి. డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్, డీలిమిటెడ్, నెక్స్ట్. అక్కడి టిక్కులన్నీ తీసేసి మళ్లీ నెక్స్ట్. డేట్ ఎంచుకుని పక్కన డీఎంవై (రోజు, నెల, సంవత్సరం వరస) పెట్టి ఫినిష్ నొక్కండి. తర్వాత కంట్రోల్+1, కస్టమ్‌లో డీడీ-ఎంఎం-వైవైవైవై. ఈ ఫార్మాట్ ఒక్కటే పెట్టి ఊరుకుంటే అక్షరాలు తేదీలుగా మారవు. సెల్‌లో ఉన్నది అంకేనా అని చూసే ఈజ్‌నంబర్ ఫంక్షన్‌కు ట్రూ వస్తేనే మారినట్టు. సెల్ నిండా #### కనిపిస్తే కాలమ్ వెడల్పు చాలలేదంతే.

విండోస్ రీజియన్ సెట్టింగ్‌ను ఇంగ్లిష్ ఇండియాకు మార్చండి. లేకపోతే రేపు 5/4 అని కొట్టినా మే 4గానే ఎక్కుతుంది.

ప్రశ్న: బాకీ గుర్తుచేసే మెసేజ్‌లో "గడువు" పక్కన తేదీ సెల్ కలిపితే 45752 అని వస్తోంది. ఫార్మాట్ సరిగ్గానే ఉంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: & గుర్తు సెల్ ఫార్మాట్‌ను చూడదు, లోపలి అంకెనే తెచ్చుకుంటుంది. టెక్స్ట్ ఫంక్షన్ వాడాల్సింది ఇక్కడే. తేదీ ఉన్న సెల్ బీ2 అనుకుంటే, మెసేజ్ ఫార్ములాలో బీ2 బదులు టెక్స్ట్(బీ2, "డీడీ-ఎంఎం-వైవైవైవై") అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. తేదీ కాలమ్‌ను మాత్రం ముట్టుకోవద్దు.