మీరు అడిగారు: మానేసిన సిగరెట్ మళ్లీ మొదలైతే

ప్రశ్న: ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు నడుపుతున్నాను. వయసు 38. రోజుకు పది పన్నెండు సిగరెట్లు కాల్చేవాణ్ని. సంక్రాంతికి మానేసి నాలుగు నెలలు ముట్టలేదు. గుంటూరులో బావమరిది పెళ్లిలో, రాత్రి మందు దగ్గర కూర్చున్నప్పుడు ఒకటి వెలిగించాను. ఇప్పుడు రోజుకు ఆరేడు అవుతున్నాయి. మళ్లీ మానాలని ఉంది గానీ మొదటిసారి ఉన్న పట్టుదల రావడం లేదు. ఎలా తెచ్చుకోవాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పట్టుదల వచ్చాక మానేద్దామని కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. ముందు ఏర్పాట్లు చేసుకుని మొదలుపెట్టండి. నాలుగు రోజులు గడిచేసరికి అది దానంతటదే వస్తుంది.

మీ ఉత్తరంలో పనికొచ్చే విషయం ఒకటుంది. మీరు నాలుగో రోజున పడిపోలేదు, నాలుగో నెలలో పడ్డారు. నికోటిన్ ఆగినప్పుడు వచ్చే చిరాకు, నిద్ర పట్టకపోవడం మొదటి రెండు మూడు రోజుల్లో బాగా ఎక్కువగా ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. ఆ గండం మీరు దాటేశారు. పెళ్లిలో మిమ్మల్ని పడేసింది ఒంట్లో నికోటిన్ లోటు కాదు, చేతిలో మందు గ్లాసు, పక్కన వెలిగించే చుట్టాలు. అంతకంటే ఎక్కువ నష్టం చేసింది మర్నాటి ఆలోచన: ‘ఎలాగూ పోయింది, ఇంక దాచుకునేదేముంది?’ ఒకటి కాల్చినవాడు మళ్లీ రోజుకు ఆరేడుకు చేరేది ఈ మాట వల్లే.

కాగితం తీసుకుని, పెళ్లిలో వెలిగించిన ఆ సిగరెట్ గురించి నాలుగు సంగతులు రాయండి. ఎక్కడ, ఎన్నింటికి, అప్పుడు చేతిలో ఏముంది, సిగరెట్ ఎవరిచ్చారు. ఇప్పటి ఆరేడు సిగరెట్లకూ మూడు రోజులు ఇలాగే రాస్తే, వాటిలో సగానికి పైగా రెండు మూడు చోట్లే పుడుతున్నాయని మీకే తెలుస్తుంది. షాపు తెరిచాక టీతో ఒకటి, భోజనం చేయగానే ఒకటి, షట్టర్ దించాక ఒకటి. ఏర్పాట్లు ఆ చోట్లకు చేయాలి, మిగతా రోజంతటికీ అక్కర్లేదు.

రెండు వారాల లోపు ఒక తేదీ పెట్టుకోండి. క్యాలెండర్‌లో ముహూర్తాలు చూసి, ఆ తర్వాత పదిహేను రోజులు దగ్గరి పెళ్లిళ్లు లేకుండా చూసుకుంటే మేలు. అలాగని ఆషాఢం దాకా ఆగకండి. ఆ తేదీకి ముందురోజు కిళ్లీ కొట్టులో ఖాతా ఉంటే పూర్తిగా తీర్చేసి మూసేయండి. అరువు దొరికే చోటు ఉన్నంతకాలం కాళ్లు అటే పోతాయి. లైటర్లు, యాష్‌ట్రే, బండి డిక్కీలో మిగిలిన పెట్టె, అన్నీ ఆరోజే పోవాలి.

టీ సంగతి చాలామందికి తెలియదు. పొగలోని కొన్ని పదార్థాలు కాలేయం చేత కెఫీన్‌ను త్వరగా ఖర్చు చేయిస్తాయి. సిగరెట్ ఆపగానే అవే టీలకు ఒంట్లో కెఫీన్ ఎక్కువసేపు నిలుస్తుంది. గుండె దడ, చేతుల వణుకు, రాత్రి నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. దాన్ని మనం ‘సిగరెట్ లేక’ అనుకుంటాం. ఆటోనగర్‌లో రోజుకు ఆరు టీలు మామూలే కాబట్టి మొదటి వారం మూడుకు తగ్గించండి. సాయంత్రం ఐదు తర్వాత వద్దు.

సిగరెట్ తలపు వచ్చినప్పుడు సాధారణంగా మూడు నుంచి ఐదు నిమిషాలు గట్టిగా ఉండి తగ్గుతుంది. ఆ కాసేపు కుర్చీలో కూర్చుని దానితో కుస్తీ పట్టకండి, లేచి చోటు మారండి. గ్లాసు నీళ్లు నిదానంగా తాగండి, సోంపో లవంగమో నోట్లో వేసుకోండి. గుట్కా, ఖైనీ మాత్రం వద్దు, వాటిలోనూ ఉన్నది నికోటినే. మొదటి నెల మందు పూర్తిగా ఆపండి. ‘ఒక్క పెగ్గు, సిగరెట్ లేకుండా’ అనేది మీ విషయంలో తేలిపోయింది.

అయినా మళ్లీ ఒకటి వెలిగిస్తే ఆ పెట్టె అక్కడే నలిపి పారేయండి. రేపటి నుంచి, సోమవారం నుంచి అనే వాయిదా వద్దు, ఆ తర్వాతి సిగరెట్ వెలిగించకుండానే ఆపండి. పొగ మానాలనుకునేవారికి ఫోన్‌లో సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 సిగరెట్ పెట్టెల మీదే ఉంటుంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఏర్పాట్లన్నీ చేసినా ఆగకపోతే ఛాతీ వైద్యుణ్ని గానీ మానసిక వైద్యుణ్ని గానీ కలవండి. సిగరెట్ తలపు తగ్గించే వారెనిక్లిన్ మాత్ర మానే తేదీకి వారం ముందు మొదలై సాధారణంగా పన్నెండు వారాలు సాగుతుంది. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. డాక్టరు చీటీ లేకుండా కొనకండి.

ప్రశ్న: ఏటా భవానీ మాల వేసుకుంటాను. 41 రోజులు సిగరెట్ గుర్తుకు కూడా రాదు. కొండ మీద ఇరుముడి సమర్పించి కిందికి దిగిన సాయంత్రమే మళ్లీ మొదలు. నాలో భక్తే తప్ప గట్టిదనం లేదా?
– వన్‌టౌన్, విజయవాడ

జవాబు: 41 రోజులు ఆగినవారికి గట్టిదనం లేదనడం ఎలా? దీక్షలో మీ చుట్టూ ఏముంటుందో చూడండి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, మందు లేదు, తోటి భవానీల సావాసం. మెడలో మాల చూసి ఎవరూ సిగరెట్ అందివ్వరు. విరమణ రోజున ఇవన్నీ ఒక్కసారే పోతాయి. పైగా ‘ఇన్నాళ్లూ ఆగాను కదా’ అని స్నేహితులే బహుమానంగా వెలిగించి ఇస్తారు.

అప్పటికి ఒళ్లు నికోటిన్‌ను మర్చిపోయి ఉంటుంది. అందుకే ఆ మొదటి సిగరెట్‌కు తల తిరుగుతుంది, రుచి కూడా ఉండదు. అయినా ఆ ఒక్కటే మళ్లీ అలవాటులోకి లాగగలదు. ఈసారి విరమణ తర్వాతి పది రోజులకు ముందే ఏర్పాటు చేసుకోండి. స్నానం వేళ మార్చవద్దు. మందు మరో నెల వద్దు. అందించే స్నేహితుడికి మాల తీయకముందే చెప్పండి. అర్ధమండలం 21 రోజులు చేసేవాళ్లకూ ఇదే మాట, కాకపోతే వాళ్లకు చిరాకు ఇంకొన్నాళ్లు మిగిలి ఉండవచ్చు.

ప్రశ్న: మందుల షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ కొన్నాను. రోజుకు రెండు మూడు నమిలాను. ఎక్కిళ్లు, గొంతులో మంట, పైగా సిగరెట్ ఆగలేదు. పడేయమంటారా?
– మిర్చి యార్డు గుమాస్తా, గుంటూరు

జవాబు: పడేయకండి. మీరు దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలారు. అలా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోతుంది. ఎక్కిళ్లూ మంటా అందుకే. అది లోపలికి ఎక్కాల్సింది బుగ్గ లోపలి పొర నుంచి. నిదానంగా నమలండి. ఘాటు తగలగానే (యార్డులో పనిచేసేవారికి ఘాటు గురించి చెప్పేదేముంది) ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచండి. నిమిషం తర్వాత చురుకు తగ్గితే మళ్లీ కాస్త నమిలి, చోటు మార్చి పెట్టండి. ఒక్కో బిళ్ల అరగంట. దానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ, నిమ్మసోడా, కూల్‌డ్రింక్ వద్దు. పులుపు నోట్లో ఉంటే నికోటిన్ ఎక్కదు.

రెండు మూడు బిళ్లలు చాలవు కూడా. మొదటి ఆరు వారాలు గంటా రెండు గంటలకొకటి, అంటే రోజుకు తొమ్మిదికి తగ్గకుండా పడాలి. తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకొకటి, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. తలపు వచ్చాక వెతుక్కోవడం కాదు, వేళ ప్రకారం వేసుకోవాలి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ కాల్చే అలవాటుంటే మీకు 4 మిల్లీగ్రాములది కావాలి, దానికి డాక్టరు చీటీ ఉండాలి. ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు అడగకుండా వాడకూడదు. మధ్యలో ఒక సిగరెట్ కాల్చినా గమ్ ఆపకండి, ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే.

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. ఆయాసానికి డెరిఫిలిన్ వాడతారు. బీడీలు మానేసిన మూడో వారంలో దగ్గు ఎక్కువైందని మళ్లీ మొదలుపెట్టారు. ‘మానితేనే జబ్బు’ అంటున్నారు.
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఊపిరితిత్తుల దారుల్లో కఫాన్ని పైకి తోసే సన్నని నూగు ఉంటుంది. పొగకు అది చచ్చుబడుతుంది, మానితే మళ్లీ కదులుతుంది, పేరుకున్న కఫం బయటికి వస్తుంది. అందుకే కొన్ని వారాలు దగ్గు పెరగవచ్చు. రక్తం పడినా, జ్వరం వచ్చినా, ఆయాసం పెరిగినా మాత్రం వెంటనే చూపించాలి. ఇంట్లో ఒట్లు వేయించుకోకండి, దాచుకుని కాల్చడం నేర్పినట్టవుతుంది.

డెరిఫిలిన్‌లో థియోఫిలిన్ ఉంటుంది. కెఫీన్‌లాగే అదీ పొగ ఆగితే ఒంట్లో పెరుగుతుంది. వికారం, గుండె దడ, వణుకు రావచ్చు. అందుకని ఆయన మళ్లీ మానే తేదీని ముందే డాక్టరుకు చెప్పి, మోతాదు తగ్గించాలేమో అడగండి. మాత్ర మీకు మీరుగా ఆపవద్దు.