కొరాపుట్ వెళ్ళేముందు మా అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు పంపిన పట్టిక చూశాను. రెండు రోజుల్లో దేవమాలి, గుప్తేశ్వరం, డుడుమా, కోలాబ్ డ్యామ్, కోట్‌పాడు నేత, జగన్నాథుడి గుడి! ఆ రెండు రోజులూ కారులోనే గడిచిపోతాయి తల్లీ. సగం కొట్టెయ్యి. ఒడిశా కొండల్లోని కొరాపుట్ ఒక్కసారి చూసి ముగించే చోటు కాదు. చిన్నప్పుడు మా నాన్నతో సాలూరు ఘాటీ ఎక్కినప్పటి నుంచీ వెళ్తూనే ఉన్నాను. వెళ్ళిన చోటికే మళ్ళీ మళ్ళీ వెళ్ళబట్టే ఆ నేల మీద నాకింత మమకారం. నీ పిల్లలకీ అది కలగాలని నా ఆశ.

నవంబరు మొదట్లో వెళ్ళండి. వానలు తగ్గిపోతాయి, చలి ఇంకా ముదరదు, మెట్టచేలు వలిసెపూలతో పసుపుపచ్చగా వెలిగిపోతుంటాయి. డిసెంబరు చివర మాత్రం వద్దు, కొండ మీద కార్లే కార్లు. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకు మించిన శిఖరం లేదు. పైదాకా రోడ్డుంది, దానికొచ్చిన చిక్కూ అదే. వనభోజనాలకొచ్చినవాళ్ళు పారేసి పోయిన ప్లేట్లు, సీసాలు చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. కొండ కింద సిమిలిగుడ ఊళ్ళో రాత్రి ఉండి, తెల్లారకముందే ఎక్కండి. మీ చెత్త మీ సంచిలోనే కిందికి తెండి.

ఘాటీ రోడ్డు మీద లారీలూ ఎక్కువే, వంపులూ ఎక్కువే. పొగమంచులో, రాత్రిపూట ఎక్కొద్దు. చిన్నదానికి కడుపులో తిప్పుతుందన్నావుగా, సాలూరులో రెండు ఇడ్లీలు పెట్టి కాసేపాగి బయల్దేరు. అదీ పడకపోతే విశాఖ నుంచి కిరండూల్ పాసింజరుంది. ఛత్తీస్‌గఢ్ బైలాడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపడానికి 1960ల్లో వేసిన లైను అది. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు, పెట్టనీ. దోమతెర మాత్రం మర్చిపోకు. ఆ వైపు మలేరియా భయం ఉంది.

నా మాట విని ఒక్క రోజు పూర్తిగా కుందులి సంతకి ఉంచు. శుక్రవారం జరుగుతుంది. కొండపల్లెల నుంచి ఆడవాళ్ళు తలమీద బుట్టలతో పొద్దున్నే దిగుతారు. అల్లం, పసుపు, చోళ్ళు (రాగులే), చిక్కుళ్ళు, ఏ కాలానికి పండింది ఆ కాలానికి. అక్కడ బేరమాడకు. పది రూపాయల పోగు కోసం ఆవిడ ఎంత దూరం నడిచొచ్చిందో చూడు. అడగకుండా ఎవరి మొహం మీదా ఫోను పెట్టకు, గుంపుగా ఆడే థింసా నాట్యం ఆడి చూపించమని అసలే అడగకు. అది వాళ్ళ పండగల్లో వాళ్ళాడుకునే ఆట. ఒక అమ్మ దగ్గర కూర్చుని కొను, వచ్చే ఏడాదీ ఆవిణ్ణే వెతుక్కుంటూ వెళ్ళు. రెండో ఏడు ఆవిడ నిన్ను గుర్తుపట్టినప్పుడు తెలుస్తుంది నేను చెప్పేదేమిటో.

కాలాజీర బియ్యం దొరికితే రెండు కిలోలు తీసుకో. నల్లటి పొట్టు, సన్నటి గింజ, వండితే వీధంతా వాసన. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అలాంటి పాత వరి రకాలను ఆ రైతులు తరతరాలుగా విత్తనం పోకుండా కాపాడుకొచ్చారు. కొరాపుట్ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారసత్వంగా గుర్తించింది కూడా అందుకే. పిల్లలకి ఇది దార్లో చెప్పు.

ఇంకొకటి కూడా చెప్పు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఆ కొండలు విశాఖపట్నం జిల్లాలోవే. కొరాపుట్ పక్కనున్న జయపురం మహారాజు విక్రమదేవవర్మ తెలుగూ ఒడియా రెండూ బాగా ఎరిగిన పండితుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయనిచ్చిన విరాళాలకి గుర్తుగా అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. మీ ఆయన చదివిందీ అందులోనేగా! అయితే ఇదంతా చెప్పుకుని, ఒకప్పుడు మాదే అన్న ధోరణిలో మాత్రం అక్కడ మాట్లాడకండి. జయపురం బజార్లో తెలుగు నడుస్తుంది, అయినా నాలుగు ఒడియా మాటలు నేర్చుకుని వెళ్ళండి. సరిహద్దులోని కొటియా పల్లెలు ఎవరివన్న తగువు ఆంధ్రా, ఒడిశాల మధ్య ఏళ్ళ తరబడి నలుగుతోంది. అక్కడివాళ్ళ దగ్గర ఆ ప్రస్తావన తేవద్దు.

డుడుమా ఈసారికి వదిలెయ్యి. మాచ్‌ఖండ్ నది నీళ్ళని కరెంటుకి మళ్ళించాక ఆ జలపాతం నిండుగా దూకేది వానల్లోనే. ఆగస్టులో మీకు సెలవు దొరికితే కబురు చెయ్యి, నేనూ వస్తాను. ఘాటీలో కొండచరియలు పడ్డాయో లేదో ముందురోజే సాలూరులో కనుక్కుని బయల్దేరదాం.

మీ పెదనాన్న