ఆంప్లిఫయర్ దాటిన లేజర్ కాంతి

ప్రశ్న: మా ప్రయోగశాలలో 1550 నానోమీటర్ల లేజర్ కాంతిని ఎర్బియం ఫైబర్ ఆంప్లిఫయర్ (ఎర్బియం కలిపిన గాజు తంతువులో కాంతిని పెంచే సాధనం) గుండా పంపి వర్ణపటం చూస్తే, సన్నని శిఖరం కింద వెడల్పాటి దిబ్బ కనిపించింది. లేజర్‌కున్న కాల సంబద్ధత (తరంగపు దశ ఎంతసేపు క్రమం తప్పకుండా సాగుతుందన్నది) చెడిపోయినట్లేనా?
— ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: చెడిపోలేదు. మీ కాంతికి పరాయి కాంతి కొంత తోడయింది.

ఉత్తేజిత స్థితిలో ఉన్న ఎర్బియం అయాన్లు మీ ఫోటాన్ తగిలినప్పుడు అదే దశలో, అంటే తరంగపు ఎత్తుపల్లాలు కలిసేలా, మరొక ఫోటాన్‌ను ఇస్తాయి. కొన్ని మాత్రం ఎవరూ కదిలించకుండానే, ఏదో ఒక దశలో, తమంతట తాము ఫోటాన్‌ను వదిలేస్తాయి. ఈ స్వచ్ఛంద ఉద్గారం కూడా మిగిలిన ఫైబర్ పొడవునా పెరుగుతూ పోతుంది. మీరు చూసిన దిబ్బ అదే. అది సుమారు 1530 నుంచి 1565 నానోమీటర్ల దాకా పరుచుకొని ఉంటుంది కనుక దాని సంబద్ధతా దైర్ఘ్యం (దశ క్రమం నిలిచే దూరం) మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. కాంతిని రెండు దారుల్లో పంపి మళ్లీ కలిపే వ్యతికరణమాపకంలో ఆ దారుల తేడాను పెంచుతూ పోండి. మొత్తం కాంతిలో దిబ్బ వాటా 5 శాతమైతే, వెలుగు చీకటి పట్టీల స్పష్టత మొదటి మిల్లీమీటరులోపే దాదాపు 5 శాతం పడిపోతుంది. ఆపైన అది లేజర్ సొంత స్వభావాన్ని బట్టే తగ్గుతుంది. రేఖా వెడల్పు (పౌనఃపున్యాల విస్తృతి) 10 కిలోహెర్ట్‌జ్ ఉన్న లేజర్‌కు ఫైబర్‌లో ఆ తగ్గుదల కిలోమీటర్ల మీద గాని తెలియదు.

లేజర్‌లోనూ రేఖను వెడల్పు చేసేది స్వచ్ఛంద ఉద్గారమేనని 1958లో భౌతిక శాస్త్రవేత్తలు షాలో, టౌన్స్ చూపారు కదా అని మీరు అడగవచ్చు. అక్కడ అద్దాలు కాంతిని మళ్లీ మళ్లీ వెనక్కి పంపుతాయి. ఒక దారితప్పిన ఫోటాన్ దశను కొంచెం జరిపితే, తరువాతి ఫోటాన్ ఆ జరిగిన చోటి నుంచే జరుపుతుంది, సరిదిద్దేవారు ఉండరు. జాతరలో మైకు స్పీకరుకు ఎదురై తనంతట తాను కూత పెట్టడం లేజర్ వంటిది. గాయకుడి గొంతును పెంచుతూ వెనక సన్నగా బుస వినిపించడం ఆంప్లిఫయర్ వంటిది. కాంతి ఒక్కసారే దాటే ఆంప్లిఫయర్‌లో దశను ఎప్పటికప్పుడు నిర్ణయించేది లోపలికి వచ్చే కాంతే కాబట్టి, దశ దాని చుట్టూ ఊగుతుందే తప్ప ఎటో కొట్టుకుపోదు. ఒక్కో రీతికి (కాంతి తరంగపు ఒక్కో విడి రూపానికి) 100 ఫోటాన్లు లోపలికి వచ్చి వంద రెట్లు పెరిగాయనుకోండి: ఆదర్శ ఆంప్లిఫయర్‌లోనూ 10,000 ఫోటాన్లతో పాటు 99 పరాయివి బయటికి వస్తాయి, దశ నాలుగైదు డిగ్రీలు ఊగుతుంది.

ఈ పరాయి ఫోటాన్ల రొద తయారీ లోపం కాదు. రొద లేకుండా కాంతిని పెంచగలిగితే కంపన పరిమితిని (తరంగపు ఎత్తును), దశను రెంటినీ ఒకేసారి కచ్చితంగా కొలవగలిగేవాళ్లం. క్వాంటమ్ సిద్ధాంతం దానికి ఒప్పుకోదు. అందుకే వర్ధనం (కాంతి పెరిగే రెట్లు) ఎక్కువైనప్పుడు సంకేతానికీ రొదకూ ఉన్న నిష్పత్తి కనీసం సగానికి, అంటే 3 డెసిబెల్‌లు, తగ్గుతుంది. ఎర్బియం అయాన్లను ఉత్తేజపరిచేందుకు 980 నానోమీటర్ల పంపు కాంతి వాడితే ఆ హద్దుకు చాలా దగ్గరగా వెళ్లవచ్చు.

అసలు చిక్కు వరుసగా ఎన్నో ఆంప్లిఫయర్లు ఉండే సముద్రగర్భ తంతుల్లో వస్తుంది. ప్రతి మజిలీలోనూ రొద చేరుతుంది. పైగా ఫైబర్ వక్రీభవన గుణకం కాంతి తీవ్రతను బట్టి మారుతుంది కాబట్టి, తీవ్రతలోని రొద దశలోని రొదగా మారుతుందని 1990లో గోర్డన్, మోలెనౌవర్ లెక్కగట్టారు.

మీ ప్రయోగానికైతే ఆంప్లిఫయర్ తరువాత సన్నని ఫిల్టర్ పెట్టండి, దిబ్బ చాలావరకు పోతుంది. సంకేతం ఉన్న పౌనఃపున్యంలోనే చేరిన పరాయి ఫోటాన్లను మాత్రం ఏ ఫిల్టరూ ఏరివేయలేదు.