ఆ పిస్టన్లు కడగొద్దురా అల్లుడూ

ఒరేయ్ చిన్నా,

నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి రాస్తున్నా. రాత్రి పదింటికి మీ అమ్మ ఫోన్ చేసింది. గాజువాకలో సొంత షెడ్డు పెట్టాక నువ్వు కట్టిన మొదటి లారీ ఇంజన్ తొమ్మిది వందల కిలోమీటర్లకే పిస్టన్ బిగుసుకుని పట్టేసిందట, ఓనరు నలుగురిలో అరిచి వెళ్లాడట, నువ్వు అన్నం ముట్టలేదట, ఆదివారం ఒక్కడివే దించి విప్పుతావట. ముందు తిట్టాలనిపించింది. కానీ బండిని ఇంకో షెడ్డుకు తోసేసి చేతులు దులుపుకోకుండా నేనే విప్పి చూస్తానన్నావు చూడు, ఆ మాట మీ అత్తకి రెండుసార్లు చెప్పాను. సీరియల్ చూస్తోంది, విన్నదో లేదో.

తేలికవి ముందు చెప్పేస్తా. ఇంకొక్కసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం అనొద్దు. బ్యాటరీ వైరు తీసెయ్. ఒట్టి జాకీని నమ్మి కిందకి దూరావో, నేను రాను, మీ అమ్మే వస్తుంది. డ్రైవర్‌కి టీ ఇప్పించి మెల్లగా అడుగు: ఎంత లోడు, వేడి ముల్లు ఎక్కడిదాకా పోయింది, ముందు చప్పుడొచ్చిందా, పవర్ పడిపోయిందా, నీళ్లు ఎప్పుడు పోశాడు. గద్దించావంటే ముల్లు సంగతి నీకు చచ్చినా చెప్పడు. ఆయిల్ ఫిల్టర్ కోసి మడతలు విప్పి ఎండలో చూడు, మెరుపు కనిపిస్తే అయస్కాంతం పెట్టు. అంటుకుంటే పిస్టన్ రింగో, పిస్టన్ ఆడే బోరో, అంటుకోకపోతే పిస్టనో బేరింగో.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. పిస్టన్లు బయటికి రాగానే డీజిల్ తొట్టిలో వేసి కడుగుతావు. నాకు తెలుసు, ఎందుకంటే ఆ అలవాటు నీకు నేర్పింది నేనే, పదో తరగతి సెలవుల్లో.

1999లో ఆటోనగర్‌లో మన షెడ్డు పెట్టి అప్పటికి రెండేళ్లు. కైకలూరు నుంచి హౌరాకి చేపలు తోలే మనిషి ఒకాయన, ఉన్నది ఒక్కటే బండి, ఓనరూ ఆయనే డ్రైవరూ ఆయనే. ఫుల్ ఇంజన్ పని నాకిచ్చాడు. కట్టి పంపిన వారానికే నాలుగో సిలిండర్ పట్టేసింది. విప్పాను, శుభ్రంగా కడిగాను, అద్దంలా తుడిచి బల్ల మీద పెట్టుకుని చూశాను. పిస్టన్ నెత్తి మాడి ఉంది, పక్కలు గీరుకుపోయాయి. డీజిల్ చిమ్మే నాజిల్ కారుతోందని తేల్చేశాను. నాజిళ్ల పని చేసినవాడితో పెద్ద గొడవ పెట్టుకున్నాను, పాపం ఆయన టెస్ట్ బెంచి మీద ఎక్కించి చూపించాడు కూడా, మంచు తుంపరలా సమానంగా కొడుతోంది. నేను వినలేదు. ఇంకా సిగ్గుమాలిన పని, కొత్తగా కట్టిన ఇంజన్‌ని రన్నింగ్‌లోనే గట్టిగా తోలి ఉంటావని బండి ఆయన మీదే వేశాను. ఆయన ఎదురు చెప్పలేదు. కొత్త పిస్టన్, కొత్త నాజిల్ వేసి, పాతది తుక్కువాడికి ఇచ్చి పంపేశాను.

పలాస దాటాక మళ్లీ పట్టేసింది. అదే నాలుగు. ఈసారి బండి నిండా చేపలు. ఐస్ కరిగిపోయి, ఇంకో బండి దొరికి లోడు మార్చేసరికి సరుకు పోయింది. నేను వెళ్లేటప్పటికి లారీ కింద నీళ్లు ఎర్రగా కారుతున్నాయి. ఆ వాసన గురించి రాయను. ఆయన రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని, "మేస్త్రీ, ఈసారి నలభై దాటలేదు, ఒట్టు" అన్నాడు. తప్పు తనదేనేమో అని అప్పటికీ అనుకుంటున్నాడు.

అప్పుడు కడగలేదు, ఓపిక లేక. కడగకపోబట్టే కనిపించింది. ఐదు పిస్టన్లు తిరగేస్తే నెత్తికి లోపలివైపు తేనె రంగు. నాలుగోది మాత్రం మాడిన పెనం అడుగులా నల్లగా, గోటికి పెచ్చు లేచేంత. కింద నుంచి ఆయిల్ చిమ్మి పిస్టన్‌ని చల్లబరిచే జెట్ చూస్తే మూతి పక్కకి తిరిగి ఉంది. మొదటిసారి పిస్టన్ దించేటప్పుడు పిస్టన్ కిందుండే రాడ్ పెద్ద తల దానికి తగిలి ఉంటుంది. వంచింది నేనే. ఆ మచ్చని మొదటిసారే డీజిల్‌తో కడిగేసి, సాక్ష్యాన్ని కిలోల లెక్కన అమ్ముకున్నాను.

అందుకని, పిస్టన్ రాగానే తుడవకుండా నంబరు రాయి, ముందువైపు ఏదో గుర్తు పెట్టు, ఫోటో తీయి. తర్వాత ఒకటే ప్రశ్న వేసుకో: పోయింది ఒక్కటా, అన్నీనా? అన్నీ ఒకేలా గీరుకుంటే అందరికీ ఉమ్మడిది వెతుకు, నీళ్లలో గాలి పట్టిందా, ఆయిల్ ప్రెషర్, పంపు టైమింగ్, ఎయిర్ పైపు లీకై దుమ్ము తాగిందా. ఒక్కటే పోతే ఆ సిలిండర్ సొంత గొడవ: జెట్, నాజిల్, రాడ్, బోరు సైజు, రింగు గ్యాప్.

గీతలు ఎక్కడున్నాయో చూడు. పిస్టన్‌ని రాడ్‌కి కలిపే పిన్నుకి అటూ ఇటూ నాలుగు మూలలా ఉంటే ఇంజన్ వేడెక్కింది. ఒకవైపు పైన, ఎదురువైపు కింద, ఐమూలగా ఉంటే రాడ్ వంకర. పిన్ను చివర ఎదురుగా బోరులో గాడి పడితే పిన్ను జారకుండా పట్టే సర్క్లిప్ సరిగ్గా కూర్చోలేదు, అది నీ చేతి తప్పు, ఒప్పుకో. నెత్తి మీద కరిగిన గుంటో చిల్లో ఉంటే అప్పుడు నాజిల్ మీద అనుమానపడు, నాలాగా ముందే కాదు. రింగు రెండు కొసలూ తళతళ మెరుస్తుంటే గ్యాప్ చాలక వేడికి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. కొత్త రింగు ఒక్కదాన్నే బోరులో పెట్టి, పిస్టన్‌తో సమంగా నెట్టి, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూశావా? చూసి ఉండవు, పెట్టెలో కొత్తవి కదా అనుకుని ఉంటావు.

బోరు కొలత లేత్ వాళ్ల చీటీలో చూసి నమ్మకు. పైన, మధ్యలో, కింద, రెండు దిక్కులా నువ్వే గేజ్ పెట్టి చూడు, బ్లాక్ పూర్తిగా చల్లారాక. పిస్టన్ అల్యూమినియం, వేడికి బోరు ఇనుము కంటే ఇంచుమించు రెండింతలు సాగుతుంది, చల్లగా ఉన్నప్పుడు బాగా తిరిగిందని మురిసిపోతే లోడు ఎక్కాక పట్టేస్తుంది.

కారణం దొరక్కుండా కొత్త పిస్టన్ కొనొద్దు. ఓనరు రోజూ వచ్చి కూర్చున్నా సరే, మీ అమ్మ గాజులు తాకట్టు పెట్టుకోమని ఇచ్చినా సరే, కొనే మాట రానివ్వకు. బండి మళ్లీ కట్టాక మొదటి ట్రిప్పుకి ఇసకో సిమెంటో వేసుకోమను, అదీ సగం లోడు. చేపలు, రొయ్యలు, పాలు, టమాటా వద్దు. నా చాదస్తమే అనుకో.

శనివారం రత్నాచల్ రైలు ఎక్కుతున్నా. బోర్ గేజ్ నా సంచీలో ఉంది, నీ దగ్గరున్నది నాకు నమ్మకం లేదు. స్పానర్ ముట్టుకోను, ఓ మూల కుర్చీ వేయించు చాలు. నేనొచ్చేదాకా డీజిల్ తొట్టి మీద మూత పెట్టు.

మీ మావయ్య